కోరలైన్: మా పాప గుండీ కుట్టనివ్వడం లేదు, చదవడం ఆపేయాలా?

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా పాపకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మా తమ్ముడు బెంగళూరు నుంచి వస్తూ నీల్ గైమన్ రాసిన కోరలైన్ తెచ్చిచ్చాడు. రోజూ అన్నాలయ్యాక ఒక అధ్యాయం నేను పైకి చదువుతాను. అర్థం కాని చోట తెలుగులో చెబుతాను.

చదవనివాళ్ల కోసం కథ కొంచెం. ఇంగ్లండులో ఒక పాత పెద్ద ఇల్లు, వాటాలుగా చేసి అద్దెకిచ్చారు. అందులోకి కోరలైన్ అనే అమ్మాయి, వాళ్ల అమ్మానాన్నలు దిగుతారు. ఇద్దరూ ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసుకుంటారు, పిల్లని పట్టించుకునే తీరిక ఉండదు. ముందుగదిలో ఒక తలుపుంటుంది. తీస్తే వెనక ఇటుక గోడ. ఒకరోజు తీస్తే గోడ ఉండదు, చీకటి నడవా ఉంటుంది. అవతల అచ్చం తమ ఇల్లే, తమ అమ్మలాంటి ఇంకో అమ్మ. వేళ్లు మరీ పొడుగు, గోళ్లు ఎర్రగా వంకర తిరిగి ఉంటాయి. కళ్ల చోట పెద్ద నల్ల గుండీలు. కమ్మగా వండి పెడుతుంది, ఆడుకుంటుంది, అడిగినవన్నీ ఇస్తానంటుంది.

గురువారం రాత్రి మేము చదివిన చోట వంటింటి బల్ల మీద పింగాణీ పళ్లెం ఉంటుంది. పక్కన నల్లదారం, పొడుగాటి వెండి సూది, రెండు నల్ల గుండీలు. ఇక్కడే ఉండిపోవాలంటే ఈ ఒక్క పని, నీ కళ్ల మీద ఇవి కుట్టడం, చేయనివ్వు అంటుంది ఆ అమ్మ. మా పాప ఏమీ మాట్లాడలేదు, దుప్పటి ముక్కు దాకా లాక్కుంది.

నిన్న యూనిఫాం చొక్కాకి పైగుండీ ఊడింది. నేను సూదీ దారం పెట్టుకునే నీలం బిస్కెట్ల డబ్బా తీసి మూత తెరవగానే పాప లేచి అవతల గదిలోకి వెళ్లిపోయింది. అక్కడ నుంచే "పిన్నీసు పెట్టేయమ్మా" అంది. ఈ రోజు పిన్నీసుతోనే స్కూల్‌కి వెళ్లింది.

కానీ రోజూ రాత్రి "ఈరోజు చదవవా" అని అడుగుతోంది. నేను తలనొప్పి అని తప్పించుకుంటున్నాను. మిగతాదంతా నేను ఒక్కదాన్నే చదివేశాను కాబట్టి చివర ఏమవుతుందో దాచక్కర్లేదు, అన్నీ మాట్లాడండి. ఇది పిల్లల పుస్తకమేనా? ఆపేయనా?

ఆరో_అంతస్తు | సోమవారం, రాత్రి 11:15

ఆపండనో ఆపొద్దనో చెప్పే ముందు నా సంగతి చెబుతాను మేడమ్. మావాడికి ఇచ్చే ముందు సరిపోతుందో లేదో చూద్దామని నేను చదివాను. నన్ను భయపెట్టింది గుండీ కళ్లు కాదు. మొదటి అధ్యాయంలో నాన్న.

వాన పడుతుంటుంది. పిల్లకి తోచక నాన్న గదికి వెళ్తుంది. ఆయన వెనక్కి తిరగకుండానే మాట్లాడతాడు. ఇల్లంతా తిరిగి తలుపులెన్నో, కిటికీలెన్నో లెక్కపెట్టు, నీలంగా ఉన్నవన్నీ రాయి, నన్ను మాత్రం పని చేసుకోనివ్వు అంటాడు. పిల్ల నిజంగానే లెక్కపెడుతుంది. నీలం వస్తువులు 153, కిటికీలు 21, తలుపులు 14. ఆ 14లో తెరుచుకోనిది ఒక్కటే.

నాదీ ఇంటి నుంచే పని. మావాడు వచ్చి కుర్చీ పక్కన నిలబడితే "బాల్కనీలోంచి ఎర్ర కార్లు ఎన్ని వెళ్లాయో లెక్కపెట్టుకుని రా" అని పంపేవాణ్ణి. వాడు లెక్కపెట్టి వచ్చి చెప్పేవాడు. నేను ఊఁ అనేవాణ్ణి. ఎన్ని అన్నాడో ఒక్కసారి కూడా వినలేదు. ఆ పేజీ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

పిల్లలు దీన్ని సాహసకథలా చదువుతారు, పెద్దవాళ్లకే పీడకలలొస్తాయి అని గైమన్ చెప్పాడు. నా విషయంలో అక్షరాలా నిజం.

పాత_చందమామ | మంగళవారం, ఉదయం 6:05

అమ్మా, ఆపకు. మా చిన్నప్పుడు చందమామ వస్తే మొదట తీసేది బేతాళ కథ పేజీ. శంకర్ గారి బొమ్మలో విక్రమార్కుడు, భుజం మీద శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. నెలనెలా అదే బొమ్మ చూస్తూ పెరిగాం. దాసరి సుబ్రహ్మణ్యం గారి రాకాసిలోయ, శిథిలాలయం లాంటి సీరియల్స్‌లో మాంత్రికులు, భూతాలు, వాటికి చిత్రా గారి బొమ్మలు. ఇది పిల్లలు చదవొచ్చా అని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు.

అంతదాకా ఎందుకు, పూతన కథ లేదూ? అందమైన ఆడమనిషి వేషంలో వ్రేపల్లెకి వస్తుంది. ఉయ్యాల్లో పిల్లవాణ్ణి ఎత్తుకుని విషం పూసిన పాలిస్తుంది. అమ్మలా వచ్చి ప్రాణం తీసేది. భాగవతంలో ఇంకో మాట కూడా ఉంది. ఆమె దగ్గరికి వచ్చేసరికి బాలకృష్ణుడు కళ్లు మూసుకుంటాడు. ఐదేళ్ల పిల్లలకి అన్నం పెడుతూ చెప్పే కథ ఇది. ఈ తెల్లవాళ్ల పుస్తకంలో అంతకంటే భయంకరం ఏముంది?

మిణుగురు | మంగళవారం, ఉదయం 9:30

తాతగారూ, గౌరవంగానే చెబుతున్నాను, నేను ఒప్పుకోను.

పూతన కథ వినే పిల్లకి ఉయ్యాల్లో ఉన్నది దేవుడని ముందే తెలుసు. ఏమీ కాదని తెలుసు. కోరలైన్ దేవుడు కాదు, మామూలు పిల్ల. అమ్మానాన్నలు మాయమైపోయారని పోలీసులకి ఫోన్ చేస్తే నమ్మరు. వేడిగా చాక్లెట్ పాలు కలిపిమ్మని మీ అమ్మనడుగు, గట్టిగా ఓసారి హత్తుకోమను అని పెట్టేస్తారు. ఆ అమ్మే కదా కనిపించకుండా పోయింది!

నాకు ఇప్పుడు 24. ఈ కథ నేను సినిమాగా చూశాను, ఏడెనిమిదేళ్ల వయసులో, మా పెద్దమ్మ వాళ్లింట్లో. బొమ్మల సినిమా కదా అని పెద్దవాళ్లు పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత దాదాపు ఏడాది, మా అమ్మ పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉంటే నేను పిలిచేదాన్ని కాదు. ఇటు తిరిగితే కళ్లెలా ఉంటాయో అని. పక్కకి వెళ్లి మొహం చూసుకున్నాకే అమ్మా అనేదాన్ని. ఈ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఈ పుస్తకం గురించి గైమన్ చెప్పిన ఇంకో సంగతుంది. ఆయన ఏజెంట్ ఇది పిల్లలకి మరీ భయంగా ఉంటుందంది. మీ పిల్లలకి చదివి చూడండి అన్నాడు. ఆవిడ చదివింది, పాప భయపడలేదు, పుస్తకం పిల్లల పుస్తకంగానే వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత ఆ పాప పెద్దదయ్యాక నిజం చెప్పింది. చచ్చేంత భయమేసిందట. చెబితే చదవడం ఆపేస్తారని, తర్వాత ఏమవుతుందో తెలియదని దాచిందట. పిల్లలు దాస్తారు. మేమెవ్వరం భయపడలేదే అని పెద్దవాళ్లు చెప్పుకునేది ఆ దాచిన దాన్ని చూడకుండానే.

కృష్ణాతీరం అక్కా, మీ పాప దాచట్లేదు. పిన్నీసు అడిగింది. దయచేసి దాన్ని చిన్నగా తీసుకోకండి.

కృష్ణాతీరం | మంగళవారం, ఉదయం 9:52

చెల్లీ, పొయ్యి దగ్గర అమ్మ సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నువ్వు చెప్పింది తేలిగ్గా తీసుకోను.

డాలస్_నాన్న | మంగళవారం, రాత్రి 8:20

సినిమా, పుస్తకం ఒకటి కాదండీ. ఈ తేడా ఇక్కడ ముఖ్యం. 2009లో హెన్రీ సెలిక్ తీసిన సినిమా కథని అమెరికాకి, ఆరెగాన్‌కి మార్చింది. పక్కింటి కుర్రాడు వైబీ అని కొత్తగా పెట్టారు. గుండీ కళ్ల బొమ్మ ఒకటి పిల్లని కనిపెట్టుకుని ఉండటం కూడా సినిమాలోదే. ఆ బొమ్మని విప్పి, కుట్టి, ఊక నింపడం అంతా దగ్గరగా చూపిస్తారు, ఒక్కో కదలిక చేత్తో జరిపి తీసిన బొమ్మలతో. మా పెద్దమ్మాయి ఆ మొదటి రెండు నిమిషాలకే లేచి వెళ్లిపోయింది. పుస్తకం మాత్రం తనంతట తానే చదివేసుకుంది.

చదివేటప్పుడు పిల్ల తను తట్టుకోగలిగినంతే ఊహించుకుంటుంది. తెర మీద అయితే ఇంకొకరు ఊహించింది చూడాల్సిందే.

నాకు సినిమా మీద ఒక కోపం ఉంది. చివర బావి దగ్గర, ఆ గుండీ కళ్ల అమ్మ తెగిన చెయ్యి తలుపు తాళంచెవి కోసం వచ్చినప్పుడు, వైబీ వచ్చి ఆదుకుంటాడు. పుస్తకంలో ఎవరూ రారు. పిల్ల ఒక్కతే పథకం వేస్తుంది. పాత బావి మీద చెక్కలు తీసి, కాగితపు గుడ్డ పరిచి, బొమ్మలతో టీ పార్టీ ఆడుతున్నట్టు కప్పులు పెట్టి, మధ్యలో తాళంచెవి పెడుతుంది. చెయ్యి తాళంచెవి మీదకి దూకుతుంది, అన్నీ కలిసి బావిలోకి. తొమ్మిదేళ్ల పిల్లకి ఈ పుస్తకం ఇచ్చేది అదే. దాన్ని తీసుకెళ్లి మగపిల్లాడి చేతికి ఎందుకిచ్చారో ఇప్పటికీ మింగుడుపడదు.

కొండగాలి | మంగళవారం, రాత్రి 9:05

భయం సంగతి పక్కన పెట్టి, నాకు ఈ పుస్తకమే అంత గొప్పగా అనిపించలేదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే పెద్ద బహుమతులు, 2003లో హ్యూగో, ఆ తర్వాత నెబ్యులా కూడా వచ్చాయంటే చాలా ఆశతో చదివాను.

మొదటి సగం అద్భుతం. గుండీల పళ్లెం దాకా ఒక్క మాట తీసేయలేం. తర్వాత ఏమైంది? అమ్మానాన్నల్ని ఎక్కడో దాచారు, ఆవిడ అంతకుముందు చేజిక్కించుకున్న ముగ్గురు పిల్లల ఆత్మలు గోళీల్లా మూడు చోట్ల దాచారు, వెతుకు. చిల్లు రాయిలోంచి చూస్తే అవి మెరుస్తాయి. ఒకటి దొరికింది, రెండు దొరికాయి, మూడోది ఎలకలు ఎత్తుకుపోయాయి, కోరలైన్‌తో మాట్లాడే నల్ల పిల్లి తెచ్చిచ్చింది. వీడియో గేమ్‌లా సాగిపోతుంది. పైగా ఆ అవతలి ఆవిడకి పిల్లలెందుకు కావాలో చివరిదాకా చెప్పడు.

అనువాదకురాలు | మంగళవారం, రాత్రి 9:48

చెప్పాడు కొండగాలి గారూ, పిల్లి చేత చెప్పించాడు. ఆవిడకి ప్రేమించడానికి ఏదో ఒకటి కావాలేమో, తను కానిది. తినడానికి కూడా కావాలేమో, అలాంటివాటి సంగతి చెప్పడం కష్టం అంటుంది పిల్లి. ప్రేమా ఆకలీ ఒకే నోటితో. ఇంతకంటే వివరంగా చెప్పుంటే ఆవిడ మామూలు రాక్షసి అయిపోయేది.

వెతుకులాట విషయంలో మాత్రం మీతో సగం ఒప్పుకుంటాను.

ఈ పుస్తకం నేను నాకోసం తెలుగులో రాసుకుందామని మొదలుపెట్టి ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషులో ఆవిడ పేరు "అదర్ మదర్". ఇంకో అమ్మ అంటే చిన్నపిల్ల మాటలా ఉంది, బరువు లేదు. వేరే అమ్మ అంటే ఎవరి అమ్మో అనిపిస్తుంది. మారుతల్లి అంటే చెవికి బాగుంటుంది, పాతకథలా ఉంటుంది. అదే ఖాయం చేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

వేపపూత | మంగళవారం, రాత్రి 11:30

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మారుతల్లి అన్న మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను.

నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. రెండేళ్లకి నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నారు. నన్ను పెంచింది మా పిన్నే. పిన్ని ఇంట్లోకి వచ్చిన వారంలోనే వీధిలో ఆడవాళ్లు నన్ను పిలిచి "అన్నం పెడుతోందా? కొడుతోందా?" అని అడిగేవాళ్లు. సవతి తల్లి కథలన్నీ అప్పటికే నాకు వచ్చు. మా ఇంట్లో ఒక రాక్షసి వచ్చి ఉందని నేనూ నమ్మాను. ఆవిడ తల దువ్వడానికి దగ్గరికి లాక్కుంటే బిగుసుకుపోయేదాన్ని. ఆవిడ జడ వేసి, రిబ్బన్ కట్టి, ఏమీ అనకుండా వదిలేసేది. అలా మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లు ఆవిడ ఎలా భరించిందో ఇప్పుడు నాకు పిల్లలు పుట్టాక అర్థమవుతోంది.

కోరలైన్ మొదలుపెట్టినప్పుడు, ఇదీ అలాంటి కథే అని భయపడ్డాను. కాదు. ఈ పుస్తకంలో ఉన్నావిడ సవతి తల్లి కానే కాదు. నిజమైన అమ్మ పోయిన తర్వాత వచ్చినది కాదు, నిజమైన అమ్మని దాచేసినది. మంచి బట్టలు, మంచి తిండి, బోలెడు బొమ్మలు, అన్నీ ఇస్తుంది. బయటికెళ్లే దారి తప్ప. ఇల్లు వదిలి చెట్లలోంచి నడుచుకుంటూ పోతే పిల్ల మళ్లీ అదే ఇంటి ముందుకొస్తుంది, అంతకు మించి ఆవిడ ఏమీ తయారుచెయ్యలేదు కాబట్టి. మా పిన్ని నన్ను ప్రతి సెలవుకీ మా అమ్మమ్మ వాళ్లింటికి తనే బస్సెక్కించేది, మా అమ్మ ఫొటో తనే తుడిచి పెట్టేది.

ఆ గుండీల ఆవిడకి మారుతల్లి అని పేరు పెడితే తెలుగు పిల్లలు కథ చదవకముందే మా పిన్నిలాంటివాళ్లని అందులో చూసేస్తారు. దయచేసి ఆ మాట వద్దు.

అనువాదకురాలు | బుధవారం, ఉదయం 7:10

వేపపూత గారూ, రాత్రే చదివాను, వెంటనే ఏం రాయాలో తెలియలేదు. మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. ఆ మాట కొట్టేశాను. కొండగాలి గారే ఇంకో మాట ఇచ్చారు కూడా, చూసుకున్నారో లేదో. తలుపుకి అవతల ఉన్నది కాబట్టి "అవతలి అమ్మ". మామూలు మాట, ఎవరి మీదా నింద లేదు, రెండుసార్లు అనుకుంటే కాస్త గుబులుగా కూడా ఉంది. అవతలి అమ్మ, అవతలి నాన్న, అవతలి ఇల్లు.

మీ మాటల వల్ల ఇంకో పాత కథ గుర్తొచ్చింది. లూసీ క్లిఫర్డ్ అనే ఇంగ్లిష్ రచయిత్రి 1882లో రాసినది. పిల్లలు మాట వినకుండా అల్లరి చేస్తారు, అమ్మ ఇల్లు వదిలి వెళ్లిపోతుంది, ఆవిడ స్థానంలో గాజు కళ్లు, చెక్క తోక ఉన్న కొత్త అమ్మ వస్తుంది. గైమన్‌కి ఆ కథ తెలుసు. కానీ చూడండి, ఆ కథలో కొత్త అమ్మ అల్లరికి శిక్ష. మన బూచాడు కూడా అంతే కదా. అన్నం తినకపోతే వస్తాడు, నిద్రపోకపోతే పట్టుకుపోతాడు. కోరలైన్ ఏ తప్పూ చెయ్యలేదు. తోచక ఓ తలుపు తీసింది. భయం ఇక్కడ పిల్లని లొంగదీయడానికి కాదు.

పాత_చందమామ | బుధవారం, ఉదయం 7:40

మిణుగురు తల్లీ, నిన్న నేను రాసింది ఇవాళ మళ్లీ చదువుకున్నాను. ఉయ్యాల్లో ఉన్నది దేవుడని తెలుసు అన్నావే, అది నాకు ఎప్పుడూ తట్టలేదు. చందమామలో కూడా యువరాజు గెలుస్తాడని మొదటి భాగంలోనే తెలిసిపోయేది. ఆ ధీమాతో భయపడ్డాం మేము. నీకు ఆ ధీమా ఎవరూ ఇవ్వలేదు, పక్కన ఎవరూ కూర్చోలేదు. అది పెద్దవాళ్ల తప్పే.

అయినా పిల్లలకి భయం కథలు ఉండాలన్న మాట మీదే ఉన్నాను. ఒంటరిగా వదిలేయకూడదు, అంతే.

బడిగంట | బుధవారం, సాయంత్రం 5:50

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో చెబుతాను. మా పిల్లలు ఇంగ్లీషులో ఇది చదవలేరు కాబట్టి, పోయిన సంవత్సరం ఆరో తరగతికి లైబ్రరీ పీరియడ్‌లో తెలుగులో చెప్పాను. రెండు వారాలు పట్టింది.

"మీలో ఎవరు అవతలే ఉండిపోతారు?" అని తిండి దగ్గర అడిగితే సగం చేతులు లేచాయి. పళ్లెంలో గుండీలు వచ్చేసరికి అన్నీ దిగిపోయాయి. పోలీసుల ఫోన్ దగ్గర క్లాసంతా గోల. "మా వీధిలో అయితే అందరూ వచ్చేస్తారు సార్, తలుపు బద్దలు కొట్టేస్తారు" అన్నాడొకడు. నిజమే. ఇంగ్లండులో ఆ వాటాల ఇంట్లో పైనా కిందా మనుషులున్నారు, ఆ పిల్ల పేరు కూడా సరిగ్గా పలకరు. కోరలైన్ అంటే కరోలైన్ అంటారు. మా పిల్లలకి దయ్యం కంటే అదే వింతగా తోచింది.

ఒక చోట నేను అనుకోనిది జరిగింది. అమ్మానాన్నలు మాయమైన తర్వాత ఒక రాత్రి వాళ్లు పెద్ద అద్దంలో కనిపిస్తారు, అద్దానికి అవతల. మాట వినపడదు. అమ్మ అద్దం మీద ఊపిరి వదిలి, ఆ మంచు మీద వేలితో, కాపాడమని రాస్తుంది. అక్షరాలు తిరగబడి ఉంటాయి, కాసేపట్లో చెరిగిపోతాయి. ఇది చెప్పగానే మూడో బెంచీలో ఒక పాప "మా అమ్మ కూడా అట్లే సార్" అంది. వాళ్లమ్మ కువైట్‌లో పనికి వెళ్లి నాలుగేళ్లు. పాప నానమ్మ దగ్గర ఉంటుంది. రోజూ రాత్రి ఫోన్‌లో అమ్మ కనిపిస్తుంది, సిగ్నల్ సరిగ్గా లేక మాట తెగిపోతుంది, పెదాలు కదలడం మాత్రం చూస్తుంది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. నాకు గొంతు పట్టేసింది, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాను.

ఆ పాపే చివరి రోజు, కోరలైన్ మంచుగోళంలోంచి, అంటే ఊపితే లోపల మంచు కురిసే గాజుబొమ్మలోంచి, అమ్మానాన్నల్ని విడిపించిన చోట, బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టింది. పీరియడ్ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "వాళ్లకి ఏమీ గుర్తుండదా సార్? పాప అంత కష్టపడింది, చెప్పొచ్చు కదా" అని అడిగింది. నిజంగానే అమ్మానాన్నలకి ఏమీ గుర్తుండదు పుస్తకంలో. దానికి నా దగ్గర జవాబు లేదు.

మిణుగురు గారి అనుభవం నేను కాదనను. ఆ ఏజెంటు కూతురు భయాన్ని దాచుకుంది నిజమే. కానీ ఎందుకు దాచింది? చివర ఏమైందో తెలియాలి. మధ్యలో ఆపేస్తే ఆ పిల్ల బుర్రలో తలుపు తెరిచే ఉండిపోతుంది.

ఆరో_అంతస్తు గారూ, మీరు నాన్నని మొదటి అధ్యాయంలోనే వదిలేశారు. కందిరీగల కథ గుర్తుందా? పాడుబడ్డ చోట నడుస్తుంటే కందిరీగలు లేస్తాయి. ఆయన పిల్లని పరిగెత్తమని చెప్పి, అది తప్పించుకునేదాకా తను అక్కడే నిలబడి కుట్టించుకుంటాడు. ఒంటి మీద 39 కాట్లు. ఆ సాయంత్రం, పడిపోయిన కళ్లద్దాల కోసం మళ్లీ అక్కడికే వెళ్తాడు. పిల్లని కాపాడటానికి నిలబడ్డప్పుడు తను భయపడలేదని, అది ధైర్యం కాదని ఆయనే చెబుతాడు. కందిరీగలున్నాయని తెలిసి, భయపడుతూ, మళ్లీ వెళ్లాడే, అదీ ధైర్యం. కోరలైన్ రెండోసారి ఆ తలుపు తీసేముందు పిల్లికి చెప్పుకునేది ఈ కథే. కంప్యూటర్ ముందు వెనక్కి తిరగని ఆ నాన్నే అది.

ఆరో_అంతస్తు | బుధవారం, రాత్రి 10:20

బడిగంట మాస్టారూ, చదివాను అది. నాన్న మీద నాకున్న కోపంలో, నా మీద నాకున్న కోపం కూడా ఉందేమో, దాటేశాను. ఇప్పుడే తీసి మళ్లీ చదివాను. థాంక్స్ అన్న మాట సరిపోదు.

కొండగాలి | గురువారం, ఉదయం 8:15

కందిరీగల ఘట్టం బాగుంది, కాదనను. రెండో సగం మీద నా అభిప్రాయం మారలేదు. అవతలి ఇల్లు చెదిరిపోయే భాగం ఒక్కటి మళ్లీ చూశాను. నేలమాళిగలో అవతలి నాన్న, మొహం కరిగి, పురుగులా మెత్తగా అయిపోయి, పిల్లని పట్టుకోమని ఆవిడ ఆజ్ఞ, పట్టుకోకూడదని తన మనసు. ముందు పారిపొమ్మని తనే చెబుతాడు, అంతలోనే మీద పడతాడు. అది మాత్రం వీడియో గేమ్ కాదు. నాకు చిన్నపిల్లల కోసం రాసినట్టు కూడా అనిపించలేదు. కృష్ణాతీరం గారూ, చదివితే గనక ఆ పేజీలు మీరు ముందు చూసుకుని, తెలుగులో మీ మాటల్లో చెప్పండి.

మిణుగురు | గురువారం, మధ్యాహ్నం 1:05

అక్కా, నేనొక్కటే అడుగుతాను. ఇక్కడ మేమందరం చదవమనో వద్దనో చెబుతున్నాం. పాపని అడిగారా? నన్ను ఎవరూ అడగలేదు, అదే నా బాధ. "భయంగా ఉందా, ఆపేద్దామా, నువ్వు చెప్పు" అని అడగండి. భయంగా ఉందని చెప్పినంత మాత్రాన పుస్తకం లాగేసుకోనని ముందే మాటివ్వండి. అప్పుడు దాచదు.

డాలస్_నాన్న | గురువారం, రాత్రి 9:00

ఇది చాలా మంచి సలహా. ఇంకో చిన్నమాట, మీ దగ్గరున్నది ఏ బొమ్మల పుస్తకం? 2002లో వచ్చినదానికి డేవ్ మెకీన్ గీసిన బొమ్మలుంటాయి, గీతలు గీతలుగా, చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. క్రిస్ రిడెల్ బొమ్మలతో ఇంకోటి వచ్చింది, అందులో పిల్ల మొహం స్పష్టంగా, ధైర్యంగా కనిపిస్తుంది. మా చిన్నదానికి అదే ఇచ్చాను.

కృష్ణాతీరం | శనివారం, మధ్యాహ్నం 12:45

అందరికీ కలిపి రాస్తున్నాను. మాది మెకీన్ బొమ్మలదే.

మిణుగురు చెప్పినట్టే నిన్న సాయంత్రం అడిగాను. పుస్తకం తీసేసుకోనని ముందే చెప్పి, "భయంగా ఉందా?" అన్నాను. చాలాసేపు చెప్పులతో నేల గీకుతూ కూర్చుంది. తర్వాత "ఉంది. కానీ ఆపొద్దు. పగలు చదువు. రాత్రి వద్దు" అంది. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో. రాత్రి పూట, లైటు తగ్గించి, పక్క మీద చదువుతున్నాను ఇన్నాళ్లూ. ఇంకోటి కూడా అడిగింది. నేను చదివేటప్పుడు తనవైపే తిరిగి కూర్చోవాలట. మిణుగురూ, ఆ మాట వినగానే నువ్వే గుర్తొచ్చావు.

ఇవాళ పొద్దున టిఫిన్లయ్యాక వరండాలో కూర్చుని కందిరీగల దాకా చదివాం. 39 కాట్లని చదవగానే లోపలికి పరిగెత్తి, వాళ్ల నాన్నని లేపి, "నువ్వైతే నిలబడతావా?" అని అడిగింది. ఆయనకి ముందూ వెనకా తెలియదు. దేని ముందు అని అడక్కుండా "నిలబడతా" అన్నారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరుగుతున్నారు, నీలం వస్తువులు లెక్కపెడుతూ. ఇప్పటికి 88 అట, బిస్కెట్ల డబ్బాతో కలిపి. డబ్బా మాత్రం వాళ్ల నాన్నని ముట్టుకోనిచ్చింది గానీ తను ముట్టుకోలేదు.

చొక్కాకి పిన్నీసు ఇంకా అలాగే ఉంది. నేలమాళిగ పేజీలు నేను ముందు చూసుకుని పెట్టాను కొండగాలి గారూ, నా మాటల్లోనే చెబుతాను. "తర్వాతది సాయంత్రం, చీకటి పడకముందు" అని పాప ఇప్పుడే వచ్చి చెప్పి వెళ్లింది.